నీటి ప్రశ్నలు: ప్లాంటు వద్దని కూడా చెప్పగలిగే కన్సల్టెంట్ కావాలి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కల్యాణదుర్గం వైపు ఒక పంచాయతీ. రెండు వేల మందిమి ఉన్నాం. ఊరికి మూడు బోర్లు. సత్యసాయి తాగునీటి పథకం నీళ్లు వారానికి రెండుసార్లు వస్తాయి, అవీ ఊరి కింది వీధులకే. మిగతా రోజుల్లో అందరికీ బోరు నీళ్లే. బడి పిల్లల పళ్ల మీద పసుపు చారలు, గోధుమ రంగు మచ్చలు ఎక్కువయ్యాయి. నీటిని పరీక్ష చేయిస్తే ఒక బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మిల్లీగ్రాములు వచ్చింది. ఒక కంపెనీవారు 12 లక్షలు ఇస్తామన్నారు కానీ, ముందు కన్సల్టెంట్‌తో ప్రణాళిక రాయించి తెమ్మన్నారు. ఇద్దరు వచ్చారు. మొదటివారు ఒక పూట ఊరంతా తిరిగి, పైసా తీసుకోకుండా నాలుగు పేజీల ప్లాను ఇచ్చారు. అందులో గంటకు వెయ్యి లీటర్ల ఆర్వో ప్లాంటు (నీటిని సన్నని పొరల గుండా ఒత్తిడితో పంపి లవణాలను ఆపేది), దాని ధర ఉన్నాయి. రెండోవారు మూడు నెలల అధ్యయనానికి లక్షా ఎనభై వేలు అడుగుతున్నారు. ఉచితంగా వచ్చినదాన్ని వదిలి ఇంత డబ్బు ఎందుకు పోయాలని వార్డు సభ్యులు అంటున్నారు. నేను మొదటిసారి గెలిచాను, ఇంజినీరింగ్ చదవలేదు. ఏం చేయమంటారు?
— ఒక మహిళా సర్పంచ్, అనంతపురం జిల్లా

జవాబు: సర్పంచ్ గారూ, మీ వార్డు సభ్యులు అడిగిన మాటకే ముందు జవాబు చెబుతాను. మీ చేతికి వచ్చిన ఆ నాలుగు పేజీలు ప్లాంటు ధరల పట్టీ మాత్రమే. అది రాసినందుకు కూలి ఆ ప్లాంటు ధరలోనే కలిసి ఉంటుంది. మందుల షాపులో కూర్చుని రాసిచ్చిన చీటీలో ఆ షాపులో ఉన్న మందులే ఉంటాయి. యంత్రం అమ్మేవారిని తప్పుపట్టనక్కరలేదు, అది వారి వృత్తి. అయితే మీ ఊరికి ప్లాంటు కావాలో అక్కరలేదో తేల్చే పని మాత్రం వారికి అప్పగించకూడదు. ప్లాంటు వద్దని చెప్పినా నష్టపోనివారే మీకు కన్సల్టెంటుగా ఉండాలి.

అలాగని లక్షా ఎనభై వేలకు వెంటనే సంతకం పెట్టమని చెప్పను. పన్నెండు లక్షల్లో అది ఏడో వంతు. ఆ ఖర్చును కంపెనీ విడిగా ఇస్తుందా, పన్నెండు లక్షల్లోంచే తీయాలా అన్నది ముందు కాగితం మీద అడగండి. రెండోవారిని రేటు తగ్గించమని అడిగేకన్నా, పనిని విడదీసి చూపించమనండి. నీటి పరీక్షలకు ఎంత, ఊళ్లో సర్వేకు ఎంత, రాతకు ఎంత అన్నది తెలియాలి. పరీక్షలు మీరు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలోనే చేయించుకోవచ్చు. అప్పుడు ఆ లెక్కలో మంచి భాగం తగ్గుతుంది.

ఇక నీటి సంగతికి వస్తాను. నేను పుట్టింది ఉరవకొండ దగ్గర ఒక ఊళ్లో. మా బడిలో ఫోటో తీసేవారు వస్తే ఆడపిల్లలమంతా పెదవులు బిగించి నిలబడేవాళ్లం. ఆ మచ్చలు కడిగితే పోవు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్లు వేసే ముద్ర అది. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఒక సర్పంచ్ పిల్లల పళ్ల గురించి ఉత్తరం రాయవలసి రావడం నాకు చాలా బాధగా ఉంది.

తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు. మీది 3.2. ఇది ఒక బోరుది, ఒక రోజుది. మిగతా రెండు బోర్ల సంగతి మీ ఉత్తరంలో లేదు. మన జిల్లా అడుగున చాలా భాగం గ్రానైటు, దాని జాతి రాళ్లు. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నచోట ఇంకా ఎక్కువగా దిగుతుంది. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిచిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే ఒకే వీధిలో రెండు బోర్లకు పొంతన ఉండదు. ఇంకా లోతుకు వేస్తే మంచి నీళ్లు పడతాయని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోతు నీరు ఎక్కువ కాలం రాతిలో ఉన్న నీరు, తరచూ దానిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ.

కాబట్టి కన్సల్టెంట్ మొదటి పని మూడు బోర్లనూ, సత్యసాయి నీటినీ, ఓవర్‌హెడ్ ట్యాంకు నీటినీ, చివరి వీధి కుళాయినీ పరీక్షించడం. ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. మూడు నెలల అధ్యయనంలో ఈ రెండు కాలాలూ పడేలా పని మొదలుపెట్టే తేదీ చూసుకోండి. బోరును కాసేపు నడిపి, పైపులో నిలిచిన నీళ్లు పోయాకే సీసా పట్టాలి. ఫ్లోరైడ్ పరీక్షకు ప్లాస్టిక్ సీసాయే వాడాలి, ఎందుకంటే ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ఫ్లోరైడ్ ఒక్కటే చూసి వదిలేయకూడదు. పీహెచ్ (నీరు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె), క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం), కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు), మొత్తం కరిగిన లవణాలు, నైట్రేట్, సిలికా కూడా చూడాలి. ఏ పద్ధతి మీ నీటికి పనిచేస్తుందో, ఏది నాలుగు నెలలకే మొరాయిస్తుందో చెప్పేది ఈ అంకెలే. మీకు వచ్చిన ఉచిత ప్లానులో ఇవి ఉన్నాయా? ఒక పూట ఊళ్లో తిరిగితే ఇవి తెలిసే అవకాశం లేదు.

ఆ ప్లాను మీద నాకున్న రెండో అభ్యంతరం లెక్కకు సంబంధించింది. ఫ్లోరైడ్ లేని నీళ్లు తాగడానికే కాదు, వంటకు కూడా కావాలి. అన్నం, పప్పు, సంగటి ఎంత నీరు పీలుస్తాయో మీకు నేను చెప్పాలా! మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు వేసుకోవాలి. రెండు వేల మందికి 20 వేల లీటర్లు. గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటు రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే వచ్చేది 8 వేలు. అంటే మనిషికి నాలుగు లీటర్లు. జనం తాగడానికి క్యాను తెచ్చుకుంటారు, వంట బోరు నీళ్లతోనే చేసుకుంటారు, పిల్లల ఒంట్లోకి ఫ్లోరైడ్ అన్నంతో పాటు వెళ్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గరికి వెళ్దాం. సత్యసాయి నీళ్లు వారానికి రెండుసార్లు కింది వీధులకు వస్తున్నాయి. 1990ల మధ్యలో మన జిల్లాలో వందల ఊళ్లకు ఆ పథకం వేసింది ముఖ్యంగా ఈ ఫ్లోరైడ్ బాధ కోసమే. జలాశయాల నీటిలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ. పరీక్షలో మీకు వచ్చే నీటిలో 0.4 ఉందని తేలిందనుకుందాం. ఆ నీళ్లు నాలుగు పాళ్లు, 3.2 ఉన్న బోరు నీళ్లు ఒక పాలు కలిపితే వచ్చేది 0.96. ఏ రసాయనమూ లేకుండా మిల్లీగ్రాము లోపలికి దిగింది. ఇంకా నేరుగా ఆలోచిస్తే, రెండు సరఫరాల మధ్య ఎడం నాలుగు రోజులు అనుకున్నా, రోజుకు 20 వేల లీటర్ల లెక్కన 80 వేల లీటర్లు నిల్వ ఉంటే ఊరంతా తాగడానికీ వంటకీ వారమంతా ఆ నీళ్లే సరిపోతాయి. నీళ్లు కింది వీధులకే వస్తున్నాయంటే పైకి ఎక్కే ఒత్తిడి లేదన్నమాట. కింది వైపు ఒక పెద్ద సంపు కట్టి, అక్కడి నుంచి మోటారుతో పైకి ఎత్తి, వేరే కుళాయిలకు ఇవ్వవచ్చేమో. ఒక్కో విడతకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి, ఎండాకాలంలో ఎన్ని వారాలు తప్పుతున్నాయి, దారిలో పైపు ఎక్కడ కారుతోంది అన్నవి ఏడాది రికార్డు చూసి, మీటరు పెట్టి కొలిచి చెప్పాలి. ఇది చేయగలిగితే మీకు పెద్ద యంత్రమే అక్కరలేకపోవచ్చు. నిల్వ నీటికి క్లోరిన్ మాత్రం తప్పనిసరి. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి.

లక్షా ఎనభై వేలు అడిగినవారు మొదటి నెలలోనే ఈ ప్రశ్న వేసుకుంటారా లేదా అన్నదే నా మటుకు వారికి పరీక్ష. మీరే ఫోను చేసి, సత్యసాయి నీళ్ల గురించి ఏం ఆలోచించారని అడగండి. దానికి జవాబు చెప్పకుండా యంత్రాల మాటెత్తితే వారినీ వదిలేయండి.

నీటిని శుద్ధి చేయక తప్పదని లెక్కల్లో తేలితే, ప్రతి పద్ధతికీ ఉన్న ఇబ్బందిని వారు దాచకుండా రాయాలి. ఆర్వోనే తీసుకోండి. సగం నీళ్లు శుద్ధిగా వచ్చి సగం బయటికి పోయే ప్లాంటు అనుకుంటే, 20 వేల లీటర్ల మంచినీళ్ల కోసం 40 వేలు తోడాలి. బయటికి పోయే 20 వేల లీటర్లలో ఫ్లోరైడ్ 6 దాటుతుంది, ఉప్పు కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేలలో రోజూ అన్ని నీళ్లు ఎక్కడికి పంపిస్తారు? ఉద్యోగంలో ఉండగా నేను నమూనా తీయడానికి వెళ్లిన ఒక ఊళ్లో ఆ పైపును ప్లాంటు వెనక గుంటలోకి వదిలారు. గుంటలో గేదెలు నీళ్లు తాగుతున్నాయి. ప్లాంటుకు నీళ్లిచ్చే బోరు ఆ గుంట పక్కనే ఉంది. తీసేసిన ఫ్లోరైడ్ మళ్లీ అదే బోరులోకి ఇంకుతోంది. ఆ ప్లాంటుకు అనుమతులన్నీ ఉన్నాయి, ప్రారంభోత్సవం బండ కూడా ఉంది. బయటికి పోయే నీళ్లు ఎక్కడికి వెళ్లాలన్న వాక్యం మాత్రం ఏ కాగితంలోనూ లేదు. మీ ప్రణాళికలో ఆ వాక్యం సర్వే నంబరుతో సహా ఉండాలి. దీని మీద నేను రాజీ పడను, మీరూ పడకండి.

యాక్టివేటెడ్ అల్యూమినా పద్ధతిలో నీళ్లు అంతగా వృథా కావు. ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికల మధ్య నుంచి నీటిని పంపుతారు. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే అది బాగా పనిచేస్తుంది. మన బోరు నీటి పీహెచ్ అంతకన్నా ఎక్కువ, క్షారత కూడా ఎక్కువ కాబట్టి గుళికల శక్తి తగ్గుతుంది. మీ నీటితో చేసిన పరీక్షలో కిలో గుళికలు గ్రామున్నర ఫ్లోరైడ్ పట్టుకున్నాయనుకుందాం. 3.2ను 1కి దించాలంటే 20 వేల లీటర్ల నుంచి రోజుకు 44 గ్రాములు తీయాలి. అర టన్ను గుళికలు పోసినా పదిహేడు రోజులకు నిండిపోతాయి. అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి, యాసిడ్‌తో సరిచేయాలి. ఆ పని ఊళ్లో ఎవరు చేస్తారు, చేతులకు తొడుగులు ఎవరిస్తారు, కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? ఈ లెక్క మొత్తం, వేరే ఊరిది కాకుండా మీ బోరు నీటితో చేసిన ప్రయోగం మీద ఆధారపడి ఉండాలి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చే నల్గొండ పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. చవకైనది, చేతితో కూడా చేయవచ్చు. కానీ మీ స్థాయి ఫ్లోరైడ్‌కు, మన క్షారతకు లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది. రోజూ మడ్డి తీయాలి. పటిక మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది, దానికి గరిష్ఠ హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. శ్రద్ధగల మనిషి రోజూ ఉంటేనే నడుస్తుంది.

శ్రద్ధగల మనిషి అన్నది ప్రతి పద్ధతికీ కావాలి. అందుకని పదేళ్ల ఖర్చు పట్టిక అడగండి. కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, ఫిల్టర్లు, పొరలు, గుళికలు ఎన్నేళ్లకు మార్చాలి, మూడో ఏడాది ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కంపెనీ పన్నెండు లక్షలు ఒక్కసారే ఇస్తుంది. నేను చూసిన మూతపడ్డ ప్లాంట్లలో ఎక్కువ వాటికి యంత్రం చెడలేదు. ఆపరేటరుకు జీతం ఆగింది.

ఒప్పందం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏ ప్లాంటు కంపెనీ నుంచీ కమిషన్ తీసుకోబోమని, తర్వాత టెండరులో పాల్గొనబోమని కన్సల్టెంట్ రాసివ్వాలి. సాంకేతిక ప్రతిపాదనను ఒక కవరులో, ధరను వేరే కవరులో తీసుకోండి. మొదటిది చదివి మార్కులు వేశాకే రెండోది తెరవండి. డబ్బు విడతలుగా ఇవ్వండి: పని మొదలైనప్పుడు కొంత, పరీక్షల అంకెలు చేతికి వచ్చినప్పుడు కొంత, చివరి భాగం గ్రామసభలో తెలుగులో వివరించి జనం ప్రశ్నలకు జవాబిచ్చాక. ఆఖరి షరతు నాకు చాలా ముఖ్యం. బిందె మోసే ఆడవాళ్లకు అర్థం కాని ప్లాను వారి వీధిలో నడవదు. పరీక్షల అంకెలన్నీ పంచాయతీ సొత్తని కూడా రాయించండి. కొందరు ఆఖరి నివేదిక ఇచ్చి అంకెలు దగ్గర పెట్టుకుంటారు.

ఈ ఇద్దరితోనే ఆగకండి. అనంతపురం జేఎన్‌టీయూ సివిల్ ఇంజినీరింగ్ విభాగంలో ఒకసారి అడగండి. నీరి సంస్థకు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది, వారికీ ఉత్తరం రాయండి. మీ మండల నీటి సరఫరా ఇంజినీరును మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి, రేపు పైపు కలపాలన్నా ఆయన సంతకమే కావాలి. వార్డు సభ్యులు ఇంకా ఒప్పుకోకపోతే, మనిషికి నాలుగు లీటర్ల లెక్కను పలక మీద రాసి చూపించండి.

ప్లాను పూర్తయ్యేలోగా పిల్లలను వదిలేయకూడదు కదా. సత్యసాయి నీళ్లు వచ్చిన రోజున అంగన్‌వాడీకి, బడి వంటగదికి ముందు పట్టించండి. మూత ఉన్న డ్రమ్ములు, క్లోరిన్ మాత్రలు చాలు. దీనికి ఏ కన్సల్టెంటూ అక్కరలేదు, రేపే మొదలుపెట్టవచ్చు. మిగతా రెండు బోర్లలో ఏదైనా 1 లోపల ఉంటే దాని మీద పచ్చ రంగు, 3.2 ఉన్నదాని మీద ఎర్ర రంగు వేయించి, ఎర్రది స్నానానికి, బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి మాత్రమే అని దండోరా వేయించండి. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని అనుకునేవారు ఇంకా ఉన్నారు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆ మాట కూడా దండోరాలో చెప్పించండి.

ప్రశ్న: మా అపార్టుమెంటుకు నీటి కన్సల్టెంట్ అని ఒకరు వచ్చారు. మా బోరు నీటిలో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇవ్వగానే నీళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. ఆయన తెచ్చిన ఆర్వో నీళ్లు మారలేదు. మీటరులో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 700 మిల్లీగ్రాములు చూపించింది. అందరూ భయపడి అడ్వాన్సు ఇవ్వబోతున్నారు. ఆగమనాలా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆగమనండి. ఆ గోధుమ రంగు నీటిలోది కాదు, కడ్డీలోని ఇనుముది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి ఏమీ జరగదు. మంచి నీటి బావి నీళ్లు పెట్టినా అదే రంగు వస్తుంది. టీడీఎస్ మీటరు కరిగినవాటి మొత్తాన్ని అంచనా వేస్తుంది తప్ప, అందులో సున్నపు లవణం ఎంత, ఫ్లోరైడ్ ఎంత అని విడదీసి చెప్పలేదు. 500 దాకా మేలు, వేరే వనరు లేకపోతే 2000 వరకు ఒప్పుకోవచ్చని ప్రమాణం చెబుతోంది. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం చేయించండి. మీ జిల్లాలో సున్నపురాయి ఎక్కువ, కాఠిన్యం ఒక్కటే ఎక్కువని తేలే అవకాశం ఉంది. అదే నిజమైతే గిన్నెల మీద తెల్లచార తప్ప భయపడవలసినది పెద్దగా లేదు. అడ్వాన్సు సంగతి ఆ కాగితం వచ్చాక మాట్లాడుకోండి.

ప్రశ్న: మా ఇంటి బోరులో నైట్రేట్ లీటరుకు 110 మిల్లీగ్రాములు వచ్చింది. ఇంట్లో నాలుగు నెలల పాప ఉంది, డబ్బా పాలు పడుతున్నాం. బాగా కాచి చల్లార్చిన బోరు నీళ్లే కలుపుతున్నాం. చాలదా?
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: చాలదమ్మా. ఈ రోజే ఆపండి. నైట్రేట్ హద్దు 45, దానికి మినహాయింపు లేదు. కాచితే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు, పైగా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పిల్లల్లో అది రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. పాప పెదవులు, గోళ్లు నీలంగా కనిపించినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, నీటి పరీక్ష కాగితం కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. అలాంటిదేమీ లేకపోయినా ఈ వారంలో పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. పాలు కలపడానికి మునిసిపల్ నీళ్లు కాచి వాడండి, లేదా సీలు వేసిన మంచినీళ్లు తెప్పించుకోండి. దీనికి కన్సల్టెంట్‌ను పిలవనక్కరలేదు. బోరుకు దగ్గర్లో సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువ, పశువుల కొట్టం, ఎరువులు వేసే పొలం ఏమున్నాయో చూడండి. పక్కింటివారి బోరు కూడా పరీక్ష చేయించండి, వారింట్లో చంటిపిల్లలుంటే ఈ మాట ఈ రోజే చెప్పండి.